వచ్చేటప్పుడు ఒకరు తక్కువ

“వెళ్ళేటప్పుడు ఇరవై ఆరుగురు, వచ్చేటప్పుడు ఇరవై ఐదుగురు. అంతే కదా మేడమ్?”

కోడలు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి దానివంక చూసింది. మళ్ళీ చెవికి పెట్టుకుంది.

“ఇంకోసారి చెప్పండి.”

“అదేనండీ, ఎల్లుండి బస్సు సంగతి. తిరుగు ప్రయాణంలో ఒక సీటు ఖాళీగా వస్తుందని మీ సార్ నిన్న వచ్చి చెప్పారు. మా రెండో డ్రైవరు ఆ ఊళ్ళోనే ఉన్నాడు. రాత్రి దారి, ఒక్కడే నడపటం కష్టం. ఆ సీట్లో అతన్ని ఎక్కించుకుంటే మీకేం అభ్యంతరం లేదు కదా అని. సార్ ఫోను ఎత్తటం లేదు, రెండో నంబరు మీదిచ్చారు.”

“తిరిగి రానిది ఎవరు?”

ట్రావెల్స్ ఆయన చిన్నగా నవ్వాడు. బస్సులు అద్దెకిచ్చుకునే మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదు మరి.

“అది మీకే తెలియాలి మేడమ్. మాకు సీట్లు తెలుస్తాయి గానీ మనుషులు ఎలా తెలుస్తారు?”

అభ్యంతరం లేదని చెప్పి పెట్టేసింది. లేకపోవటం ఏమిటి, ఆవిడకి నిలువెల్లా అభ్యంతరంగానే ఉంది.

అత్తగారి అన్నగారు పెద్ద మామయ్యకి ఎనభై ఐదేళ్ళు నిండుతున్నాయని చుట్టాలంతా కలిసి ఒకే బస్సులో వెళ్ళటానికి నిశ్చయమైంది. ఏర్పాట్లన్నీ కోడలి భర్త మీద పడ్డాయి. ఆయనది ఫొటో స్టూడియో. పొడుగువాళ్ళని వెనక్కీ పొట్టివాళ్ళని ముందుకీ సర్దటం వచ్చిన మనిషి కాబట్టి బస్సులో సర్దటం కూడా వస్తుందని అందరూ అనుకున్నారు. ఎక్కేవాళ్ళంతా దిగాక తిరిగి ఎక్కేవాళ్ళేనని కూడా అనుకున్నారు.

గదిలో బట్టలు మడత పెడుతున్న వదిన చెయ్యి ఆగింది.

“ఒకరు తక్కువా?”

“మీకెలా తెలిసింది వదినా?”

“నీ మాటలు సగం వింటే అవతలివాళ్ళ మాటలు నాకు వినపడ్డట్టే.”

నిజమే. భర్తకి అక్కగారైన ఈ వదిన ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలోనే. హెడ్‌సెట్టు తీసేసి రిటైరైనా చెవులు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. ఈ ఇంట్లో ఎవరు ఏ గదిలో నిట్టూర్చినా ఆవిడకి లైను కలుస్తుంది.

“అయితే నేనే,” అంది వదిన.

“మీరేమిటి?”

“తిరిగి రాని మనిషిని నేనే. మామయ్య ఇంట్లో పెద్దత్తయ్య మంచాన పడి ఆర్నెల్లయింది. పెట్టుకున్న ఆయాలు ఎవరూ నిలవటం లేదు. పెళ్ళీ పిల్లలూ లేకుండా, ఉద్యోగం కూడా అయిపోయి, చేతులు ఖాళీగా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కనపడుతున్నాను వీళ్ళకి.”

“ఎవరన్నా అలా అన్నారా?”

“అనలేదు. అదే నా అనుమానం. పోయిన నెలంతా మా అమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. మా అమ్మ నన్నేమీ అనకుండా నెల గడిపిందంటే నువ్వే ఆలోచించు.”

కోడలు ఆలోచించింది. ఆలోచించే కొద్దీ కోపం వచ్చింది. ఈ ఇంట్లో తనతో ఆచితూచి కాకుండా మామూలుగా మాట్లాడే మనిషి వదిన ఒక్కతే.

భర్త ఎలాగూ మాట్లాడడు. స్టూడియో ఎత్తేసి మామయ్య ఉండే పెద్ద ఊరికి మారిపోదామని ఆయన, రక్తపరీక్షల ల్యాబులో తన ఉద్యోగం వదులుకోనని ఈవిడ. అనుకోవలసినవీ అనుకోకూడనివీ అనుకోవటానికి ఎండాకాలం సరిపోయింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. తప్పనిసరి మాటలు కూతురు మోస్తుంది. ఏడో క్లాసు పిల్ల. చిన్నప్పుడు ఎవరేమన్నా తిరిగి అనేదని చిలక అని పిలిచేవాళ్ళు. ముద్దుకి పెట్టిన పేరు కాస్తా ఇప్పుడు ఉద్యోగమై కూచుంది.

“ఏమిటి ఇద్దరూ గుసగుసలు?” అంటూ అత్తగారు వచ్చింది, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంటూ.

“అత్తయ్యా, ఎల్లుండి బస్సులో వెళ్ళి తిరిగి రానిది ఎవరు?”

కొంగు అద్దం మీదే ఆగిపోయింది. ఆగటం ఒక్క క్షణమే, కానీ ఇద్దరూ చూశారు.

“బస్సువాడికి లెక్కలు రావు,” అంది అత్తగారు.

“బస్సువాడు చెప్పాడని నేను అనలేదే.”

“మరెవరు చెబుతారు?”

“అమ్మా, నా మొహం చూసి చెప్పు,” అంది వదిన.

“నీ మొహం నువ్వు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. అందులో కొత్తగా చదవటానికేముంది?”

ఆ ఒక్క మాటా అన్నాక వదిన మొహం కాస్త తేరుకుంది. అమ్మ అననే అంది. కానీ కోడలికి మాత్రం అనుమానం ఇంకా పెరిగింది. అత్తగారు మళ్ళీ కళ్ళజోడు తుడవటం మొదలుపెట్టింది. అప్పటికే తళతళా మెరుస్తున్న అద్దాలవి.

*

సాయంత్రం భర్త వచ్చాడు. చెప్పులు విప్పి, పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. వంటింటి కిటికీకి అటువైపే కుళాయి. ఇటువైపు కోడలు. మధ్యలో కిటికీ తలుపు తీసే ఉంది. ఇంత దగ్గర్లో ఉన్న ఇద్దరికీ మాట అందాలంటే చిలక హాల్లోంచి చుట్టూ తిరిగి వెళ్ళాలి.

“చిలకా, మీ నాన్నని అడుగు. బస్సు తిరిగొచ్చేటప్పుడు ఒక సీటు ఎందుకు ఖాళీగా వస్తోందో కనుక్కో.”

ఆయనకి వినపడేట్టే అంది. వినపడ్డట్టు ఆయన ఒప్పుకోడని తెలిసే అంది.

చిలక పుస్తకం మూసి లేచింది. హాల్లోంచి వెళ్ళి, పెరటి గుమ్మంలో నిలబడింది.

“నాన్నా, భోజనం ఇప్పుడే పెట్టనా అని అడుగుతోంది అమ్మ.”

భర్త మొహం మీద నీళ్ళు చల్లుకోవటం ఆపి పిల్లవంక చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. కోడలు అది కిటికీలోంచి గమనించింది.

“పెట్టమను,” అన్నాడు.

చిలక వెనక్కి వచ్చింది. “పెట్టమన్నాడమ్మా.”

“నేను అడగమన్నదేమిటి, నువ్వు అడిగిందేమిటి?”

“మర్చిపోయాను.”

చాకలి పద్దు నుంచి కరెంటు బిల్లు దాకా ఒక్క అక్షరం పొల్లుపోకుండా మోసిన పిల్ల. ఇంత చిన్న వాక్యం నాలుగు అడుగుల్లో మర్చిపోయిందట. కోడలు గరిటె పక్కన పెట్టి పిల్ల ముందు కూచుంది.

“నాకు చెప్పొద్దని నాన్న అన్నాడు కదూ?”

చిలక పక్కన పెట్టిన గరిటెవంక చూసింది.

“అత్తని అక్కడ వదిలేసి వస్తున్నారా?”

“అత్తని కాదు.”

అన్నాక గానీ పిల్లకి తెలియలేదు నోరు జారినట్టు. పెదవులు బిగించేసింది.

“మరెవర్ని?”

“నాకు తెలీదమ్మా. హోంవర్కుంది.”

పిల్ల పుస్తకం తీసుకుని వదిన గదిలోకి వెళ్ళిపోయింది. కోడలు అక్కడే కూచుండిపోయింది. అన్నం మాడు వాసన వచ్చేదాకా లేవలేదు.

అత్తని కాదు. వదిన కాకపోతే మరి ఇంకెవరు? అత్తగారు సొంత అన్నగారింట్లో నాలుగురోజులు ఉండాలనుకుంటే దాచవలసిన పనేమీ లేదు. దర్జాగా చెప్పి ఉంటుంది. దాచి దించేసి రావలసిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే. తన పుట్టిల్లు మామయ్య ఊరికి పక్కనే. ‘నాలుగురోజులు మీవాళ్ళ దగ్గర ఉండి రా’ అని అందరి ముందూ మర్యాదగా అని, బస్సు ఎక్కేస్తే సరి. ఆ నాలుగురోజులు ఎన్నాళ్ళవుతాయో ఎవరూ అడగరు.

ఎంత పకడ్బందీగా చేశాడు, అనుకుంది. బస్సువాడికి చెప్పాడు, తల్లికి చెప్పాడు, కడుపున పుట్టిన పిల్లకి కూడా చెప్పాడు. ఒక్క తనకి తప్ప. ఆ మాట అనుకోగానే కోపం కాస్తా ఏడుపైంది.

భోజనాలకి కూచున్నారు. భర్త రెండుసార్లు ఏదో అనబోయాడు. రెండుసార్లూ మంచినీళ్ళు తాగాడు.

“అన్నం మాడింది,” అంది అత్తగారు చివరికి.

“నాకు తెలుసు,” అంది కోడలు.

మర్నాడు ఆవిడ తన పెట్టె తనే సర్దుకుంది. ఎవరూ ముట్టుకోకుండా మంచం పక్కనే పెట్టుకుంది. ఇంటి తాళంచెవులు రెండు జతలూ తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. తనని దించేసి రావాలంటే ముందు తాళం అడగాలి. తాళం అడగాలంటే నోరు విప్పాలి. అప్పుడు చూసుకోవచ్చు.

*

బస్సు సందులోకి రాలేదు. మలుపు తిరగదని డ్రైవరు మెయిన్ రోడ్డు మీదే ఆపేశాడు. పొద్దున్నే చుట్టాలంతా పెట్టెలు మోసుకుంటూ, బస్సువాణ్ణీ సందునీ కలిపి తిట్టుకుంటూ నడిచారు. పినమామగారి కుటుంబం అప్పుడే కిటికీ సీట్ల దగ్గర వాదించుకుంటోంది. వాంతులయ్యేవాళ్ళకి ముందు సీట్లు అనేసరికి, ఎన్నడూ కళ్ళు తిరగనివాళ్ళకి కూడా తిరగటం మొదలైంది.

వదిన చేతిసంచి ఒక్కటే ఊపుకుంటూ వచ్చింది.

“అదేమిటి వదినా, బట్టలు?”

“ఒక్క జత. మార్చుకునేందుకు కూడా లేవని గొడవ చేశానంటే, పెద్దత్తయ్య కాదు కదా ఆ ఇంట్లో గోడలు కూడా నన్ను ఉంచుకోవు.”

కోడలికి నవ్వు వచ్చి ఉండేదే, ఇంకో రోజైతే. తన పెట్టె పిడి వదలకుండా డిక్కీ దగ్గర నిలబడింది. భర్త ఒక్కో పెట్టే అందుకుని లోపలికి తోస్తున్నాడు. ఆవిడ పెట్టె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు. చాపిన చెయ్యి అలాగే పక్కనున్న ఇంకో పెట్టె మీదికి పోయింది.

అప్పుడు డ్రైవరు తన తలుపులోంచి తల బయటికి పెట్టి గట్టిగా అడిగాడు.

“సార్, అక్కడ ఉండిపోయేవాళ్ళ సామాను ఏది? అందర్నీ ఫంక్షన్ హాలు దగ్గర దింపాక, అదొక్కటీ పెద్దాయన ఇంటి దగ్గర దింపమన్నారుగా. డిక్కీలో వేస్తే అడుక్కి పోతుంది. నా సీటు వెనకున్న నల్ల సంచేనా?”

సందు మొదట్లో ఎవరో చెబుతున్న జోకు మధ్యలో ఆగిపోయింది. వదిన తన చేతిసంచి పైకెత్తి అందరికీ చూపించింది.

“నాది ఇదొక్కటే. నల్లది కాదు.”

భర్త వంగి డిక్కీలోకి చూస్తున్నాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు.

“అదే,” అన్నాడు లోపలికే.

నల్ల సంచి స్టూడియోది. లైటు స్టాండ్లు పెట్టుకునే పొడుగాటి సంచి. నిన్న సాయంత్రం ఆయనే భుజాన వేసుకుని బయటికి తీసుకెళ్ళటం కోడలు చూసింది. పుట్టినరోజు ఫొటోల కోసమనుకుంది. తన బట్టలు ఒక్కటీ బీరువాలోంచి పోలేదే అని ఇప్పుడు గుర్తుకు తెచ్చుకుంది. అయితే తనది కాదు. మరి ఎవరిది?

పెట్టె రోడ్డు మీదే వదిలేసి బస్సెక్కింది.

డ్రైవరు సీటు వెనక సంచి నిలబెట్టి ఉంది. జిప్పు లాగింది. పైన మడత పెట్టిన దుప్పటి. పసుపురంగు అంచు, ఒక మూల కుట్టు ఊడిపోయి తను మళ్ళీ కుట్టింది. దాని కింద లెక్కల పుస్తకం. జామెట్రీ బాక్సు. రెండు జతల కొత్త యూనిఫాం, చిలక స్కూలు రంగు కాదు. పిల్ల తలగడ కూడా పెట్టారు.

కోడలు రెండు రోజులుగా వదిన గురించి బాధపడింది, తన గురించి ఏడ్చింది. ఇంట్లో ఉన్న అందర్నీ ఒకరి తర్వాత ఒకరిని వేళ్ళ మీద లెక్కపెట్టింది. పిల్లని లెక్కలోకే తీసుకోలేదు.

దిగి భర్త ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“పిల్లని వదిలేసి వద్దామనుకున్నారా?”

ఎండాకాలం తర్వాత ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆయన అలవాటుకొద్దీ చుట్టూ చూశాడు, చిలక ఎక్కడుందా అని. చిలక అప్పటికే బస్సులో కూచుంది. జవాబు తనే చెప్పుకోవలసి వచ్చింది.

“ఇక్కడ వద్దు. అందరూ ఉన్నారు.”

“అందరికీ తెలిసిన సంగతే కదా. నాకొక్కదానికేగా కొత్త.”

“అందరికీ తెలీదు. అమ్మకి తెలుసు. మామయ్య కోడలు పనిచేసే స్కూల్లో సీటిచ్చారు. మంచి స్కూలు. వాళ్ళింట్లోనే ఉంటుంది. చెబితే నువ్వు ఒప్పుకోవు.”

“ఒప్పుకోనని తెలిసే చెప్పలేదన్నమాట.”

“అవును.”

“దాన్ని అక్కడ పెడితే, ఉద్యోగం మానేసి నేనే వెనకాల వస్తాననుకున్నారు. ఊరు మారటం సులువవుతుందనుకున్నారు. కాదంటారా?”

ఆయన జేబురుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. పెట్టెల దుమ్ము ఎంత తుడిచినా పోలేదు.

“అది కూడా అనుకున్నాను,” అన్నాడు. “అబద్ధం చెప్పను. కానీ ఈ ఆలోచన మొదట నాది కాదు.”

కోడలు అత్తగారివైపు తిరిగింది. “మీదా అత్తయ్యా?”

“నాకు తెలుసు, అంతే,” అంది అత్తగారు. “ఆలోచన నాది కాదు. నేను వాడితో వద్దనే చెప్పాను. నీకు చెప్పటానికి నోరు రాలేదు. ఈ ఇంట్లో నోరెత్తితే ఎవరి పక్షం అని అడుగుతారు.”

“మరెవరిది?”

ఇంతమంది చుట్టాలున్నారు, ఒక్కరూ దగ్గలేదు కూడా. వదిన మాత్రం మెల్లిగా బస్సు కిటికీవైపు చూసింది. ఆ చూపు వెంటే కోడలు కూడా చూసింది.

మళ్ళీ బస్సెక్కింది. చిలక మూడో వరసలో కిటికీ పక్కన కూచుని ఉంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని.

“దిగమ్మా. మనం ఇంటికి పోదాం. తాళాలు నా దగ్గరే ఉన్నాయి.”

“దిగను.”

“నాన్న ఏమన్నా అంటాడని భయమా? నేను మాట్లాడతాను నాన్నతో. ఇప్పుడే మాట్లాడి వచ్చాను.”

“భయం కాదమ్మా. అక్కడ చదువుకుంటానని నేనే అడిగాను నాన్నని.”

కోడలు పక్క సీటు పట్టుకుంది. “నువ్వా?”

“నువ్వు కోప్పడతావని, నీకు చెప్పొద్దని నాన్నతో నేనే అన్నాను.”

“ఎందుకే? నేనేం తక్కువ చేశాను నీకు?”

చిలక కిటికీ రబ్బరు గిల్లింది. తర్వాత తల ఎత్తకుండా చెప్పింది.

“నువ్వు చెప్పమన్నది చెప్తే నాన్నకి కోపం. మార్చి చెప్తే నీకు కోపం. స్కూలు వదిలే గంట కొట్టగానే నాకు కడుపులో నొప్పి మొదలవుతుంది. నీకు చెప్పాను కదా. నువ్వు నీ ల్యాబులోనే రక్తం తీసి చూశావు. ఏం లేదు, అంతా బాగుందన్నావు.”

కోడలికి ఆ రిపోర్టు గుర్తుంది. తనే టైపు చేసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతోషపడి పిల్లకి చాక్లెట్టు కొనిపెట్టింది.

“ఎండాకాలం సెలవుల్లో ఇప్పుడు మనం వెళ్ళే తాతయ్య వాళ్ళింట్లో ఉన్నప్పుడు రాలేదమ్మా నొప్పి,” అంది చిలక. “ఒక్కరోజు కూడా రాలేదు.”

వెనకాల అలికిడైంది. భర్త ఎప్పుడు ఎక్కాడో మెట్టు మీద నిలబడి ఉన్నాడు. కడుపునొప్పి సంగతి ఆయనకి ఎవరూ మోసుకెళ్ళలేదని ఆయన మొహం చూస్తే తెలిసింది. పిల్ల స్కూలు అడిగిందనుకున్నాడంతే, ఎందుకడిగిందో అడగలేదు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చెప్పవలసింది ఎంతో ఉంది. ఎవరు ముందు మొదలుపెట్టాలో తెలియలేదు. ఎవరు మొదలుపెట్టినా ముందు పిల్లవైపే చూస్తారేమోనని ఇద్దరికీ భయం వేసింది.

మిగిలిన చుట్టాలు ఒక్కొక్కరే ఎక్కి, తల వంచుకుని వాళ్ళని దాటుకుంటూ వెళ్ళి కూచున్నారు. కిటికీ సీట్ల కోసం ఇప్పుడెవరూ పోట్లాడలేదు. అత్తగారిని చెయ్యి పట్టుకుని వదిన ఎక్కించింది. రోడ్డు మీద వదిలేసిన కోడలి పెట్టె డ్రైవరే తెచ్చి లోపల పెట్టాడు.

“టైమవుతోంది సార్,” అన్నాడు స్టీరింగు ముందు కూచుంటూ. “అందరూ ఎక్కినట్టేనా? ఎవరన్నా దిగాలా? తలుపు వేసేస్తే మళ్ళీ మధ్యలో ఆపటం కుదరదు, హైవే ఎక్కేస్తాం.”

భర్త భార్యవైపు చూశాడు. ఆవిడ ఏమంటే అదే అనుకున్నాడు, ఈ ఒక్కసారికీ నిజంగానే అనుకున్నాడు. ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. లాగితే పిల్ల లేస్తుంది. లాగలేదు, వదల్లేదు.

“సార్?” అన్నాడు డ్రైవరు. “మేడమ్?”

ఇద్దరిలో ఎవరూ పలకలేదు.

చిలక కాస్త ఆగి చూసింది. తర్వాత, ఇంట్లో ఎన్నోసార్లు చేసినట్టే, ఇద్దరి తరఫునా తనే చెప్పింది.

“వేసెయ్యండి అంకుల్.”